గుల్లబారిన గోడలో మేకు నిలవాలంటే

గోడకు దిగ్గొట్టిన మేకు గానీ, బిగించిన స్క్రూ గానీ తన బలంతో నిలవదు. చుట్టూ ఉన్న గోడ దానిని ఎంత గట్టిగా పట్టి ఉంచితే అంతవరకే నిలుస్తుంది. అయినా అల్మారా ఊడినప్పుడో, అద్దం జారినప్పుడో, గీజరు ఒక పక్కకు వాలినప్పుడో ఇంటివారి చూపు మొదట స్క్రూ మీదికే పోతుంది. ఇంకా పొడవైనది, ఇంకా లావైనది తెచ్చి అదే బెజ్జంలో బిగిస్తారు. కొన్ని నెలలకు అదీ ఊడి, ఈసారి గుప్పెడు ఎర్రటి పొడినీ అరచేయంత సిమెంటు పెచ్చునూ వెంట తెస్తుంది. గోదావరి డెల్టాలోని పాత ఇళ్లలోనే కాక, నిన్నమొన్న కట్టిన ఇళ్లలో కూడా ఈ ఇబ్బంది తరచుగా కనబడుతుంది. దీనికి పరిష్కారం చవకైనదే, తాపీమేస్త్రీకి అలవాటైన పనిముట్లతోనే జరిగేదే. అయితే గోడ ఎందుకు గుల్లబారిందో తెలియకుండా బెజ్జం పూడిస్తే ఆ పూడిక కూడా గోడతోపాటే రాలిపోతుంది.

డెల్టా ఇళ్లలో బెజ్జం పొడిపొడిగా రాలడానికి కారణాలు ఒకదానిమీద ఒకటి పేరుకుంటాయి. మొదటిది ఇటుకలోనే ఉంది. గోదావరి, దాని పాయలు వేల ఏళ్లుగా తెచ్చి పరచిన ఒండ్రు మట్టితో ఇక్కడి ఇటుక తయారవుతుంది. కడియం, వేమగిరి పరిసరాల్లోని బట్టీల నుంచి అది చుట్టుపక్కల ఊళ్లకు చేరుతుంది. ఇటుకలను పేర్చి కాల్చే ఆవంలో నడిమి వరసలకు అందిన వేడి అంచు వరసలకు అందదు. సరిపడా కాలిన ఇటుకలో మట్టి రేణువులు కొంతమేరకు కరిగి ఒకదానికొకటి అతుక్కుంటాయి కాబట్టి అలాంటి రెండు ఇటుకలను ఒకదానితో ఒకటి తట్టితే ఖంగుమని మోగుతాయి. సగం కాలినవి చప్పగా పలుకుతాయి, గోరుతో గీస్తే గీత పడుతుంది. ఇటువంటి ఇటుక గోడలో కలిసిపోయి, పైన ప్లాస్టరింగు పడి, రంగు కూడా వేశాక దాని బలహీనత కంటికి తెలిసే దారి లేదు. డ్రిల్లు దిగినప్పుడే అది బయటపడుతుంది.

రెండో కారణం నీరు, ఆ నీరు మోసుకొచ్చే ఉప్పు. సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి, కాలువలు ఊరూరా పారి, ఈ ప్రాంతం వరి సీమగా మారింది. పంట కాలువలూ, నిండా నీరు కట్టిన చేలూ ఊళ్లను ఆనుకునే ఉండడం వల్ల నేలలో చెమ్మ ఏడాదిలో ఎక్కువ భాగం పైపైనే ఉంటుంది. దీపపు వత్తిలో నూనె పాకినట్టు ఆ చెమ్మ పునాది నుంచి ఇటుకలోని సూక్ష్మరంధ్రాల గుండా పైకి పాకుతుంది. దీనినే శాస్త్రంలో కేశనాళికత అంటారు. చెమ్మతోపాటు నేలలోని లవణాలు కూడా గోడలోకి ఎక్కుతాయి. వేసవిలో కాలువలు కట్టేసి, ఎండలు ముదిరి, గోడ ఆరడం మొదలుపెట్టాక నీరు ఆవిరైపోతుంది గానీ ఉప్పు లోపలే మిగిలి స్ఫటికాలుగా పెరుగుతుంది. ఆ స్ఫటికాలు తమకు చోటు చాలక ఇటుక రంధ్రాల గోడలను లోపలి నుంచి పగలగొడతాయి. గోడ మీద తెల్లగా పూసే చవుడు పైకి కనబడే భాగం మాత్రమే, అసలు నష్టం పూత వెనుక జరుగుతుంది. సాధారణంగా నేల నుంచి మీటరు ఎత్తు లోపల ఈ నష్టం ఎక్కువగా ఉండడానికీ, అంతకు పైన అదే గోడ గట్టిగా ఉండడానికీ కారణం ఇదే.

సముద్రానికి దగ్గరగా ఉన్న అంతర్వేది, నరసాపురం, ఉప్పాడ వంటి చోట్ల ఉప్పు గాలిలో కూడా ఉంటుంది, అది ఇనుప మేకును తినేస్తుంది. ఇనుము తుప్పు పట్టినప్పుడు మునుపటి లోహం కంటె రెండింతలకు మించిన చోటును ఆక్రమిస్తుంది కాబట్టి గోడలో బిగుసుకున్న మేకు తుప్పుతో ఉబ్బి, చుట్టూ ఉన్న ఇటుకను తానే చీలుస్తుంది. మేకు చుట్టూ గోధుమరంగు మరకా, దాని నుంచి నక్షత్రంలా విస్తరించే సన్నని పగుళ్లూ కనబడితే అది తుప్పు పని. అటువంటి చోట పూడిక ఎంత బాగా చేసినా పాత రకపు ఇనుప స్క్రూనే మళ్లీ బిగిస్తే కథ మొదటికి వస్తుంది. తీరప్రాంతపు ఇళ్లలో స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూకు పెట్టే కొద్దిపాటి అదనపు ఖర్చు వృథా కాదు.

స్క్రూ గోడలో నిలవడానికి మూడు దారులు ఉన్నాయి. ఒకటి ఒరిపిడి: రావల్ ప్లగ్గు అని అందరూ పిలిచే ప్లాస్టిక్ గొట్టంలోకి స్క్రూ దిగినకొద్దీ అది వ్యాకోచించి బెజ్జపు గోడలను నొక్కుతుంది, ఆ నొక్కుడు వల్ల పుట్టే ఒరిపిడే స్క్రూను బయటికి రానివ్వదు. రెండోది చిక్కుదల: లోపల వెడల్పుగా, బయట ఇరుకుగా ఉన్న గుంతలో గట్టిపడిన దిమ్మ ఆ ఇరుకు దాటి రాలేదు. మూడోది అతుకు: సిమెంటు గానీ రెసిన్ గానీ ఇటుక రంధ్రాల్లోకి ఇంకి, అక్కడే గట్టిపడి, స్క్రూనూ గోడనూ ఒకటి చేస్తుంది. గుల్లబారిన గోడలో మొదటి దారి పనికిరాదు, ఎందుకంటే ప్లగ్గు ఎంత నొక్కితే ఇటుక అంత పొడి అవుతుంది. నొక్కడానికి ఎదురు నిలిచే గట్టిదనం అక్కడ లేదు. మరమ్మతు ఏదైనా రెండో, మూడో దారుల మీదే ఆధారపడాలి.

రావల్ ప్లగ్గు పుట్టుక కూడా ఈ విషయాన్నే చెబుతుంది. ఇరవయ్యో శతాబ్ది తొలి సంవత్సరాల్లో లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం గోడలకు విద్యుత్ సామగ్రి బిగించవలసి వచ్చినప్పుడు, గోడలను పెద్దగా పగలగొట్టకుండా ఆ పని చేయడానికి జాన్ జోసెఫ్ రాలింగ్స్ అనే గుత్తేదారు జనపనారను జిగురుతో బిగించిన చిన్న గొట్టాన్ని తయారుచేసి, దాని మీద 1911 ప్రాంతంలో పేటెంటు హక్కు పొందాడు; ఆయన పేరే ఆ వస్తువుకు నిలిచిపోయింది. ఇప్పుడు దుకాణాల్లో దొరికే నైలాన్ ప్లగ్గు నమూనాను 1958లో జర్మనీకి చెందిన ఆర్తూర్ ఫిషర్ రూపొందించాడు. ఈ రెండూ గోడ గట్టిగా ఉందన్న నమ్మకం మీద తయారైనవే. మన దేశంలో అంతకు ముందు నుంచీ విద్యుత్ పనుల్లో వాడిన టేకు బిరడా తీరు వేరు: కేంద్ర ప్రజాపనుల శాఖ నిర్దేశించిన కొలతల ప్రకారం అది 5 సెంటీమీటర్ల పొడవు ఉండి, లోపలి కొస 2.5 సెంటీమీటర్ల చదరంగా, బయటి కొస 2 సెంటీమీటర్ల చదరంగా ఉండాలి, దానిని సిమెంటుతో గోడలో పాతాలి. వెడల్పు కొస లోపలికి వెళ్లడం వల్ల చుట్టూ ఉన్న సిమెంటు బిగుసుకున్నాక ఎంత లాగినా అది బయటికి రాదు. నేటి ప్లగ్గు కంటె చూపుకు మోటుగా ఉన్నా, బలహీనమైన గోడకు ఈ పాత పద్ధతే ఎక్కువ తగినదని ఒప్పుకోక తప్పదు.

ఇంకా వెనక్కి వెళితే కోనసీమలోని మండువా లోగిళ్లు కనబడతాయి. ఆ ఇళ్లలో బరువులు మోసే ఏర్పాటంతా కట్టేటప్పుడే జరిగిపోయేది. బట్టలూ సంచులూ తగిలించే చిలక్కొయ్య గోడ లేస్తున్నప్పుడే ఇటుకల వరసల మధ్య పొడవైన తోకతో సహా ఇమిడిపోయేది; దీపాలకూ చిన్న సామానుకూ గోడలోనే గూళ్లు వదిలేవారు; ఉయ్యాల బల్ల వంటి పెద్ద బరువు గోడకు కాక పైనున్న దూలానికే వేలాడేది. అంటే ఏ బరువును గోడ మోయగలదో, దేనిని కలప మోయాలో ముందే తేల్చుకునేవారు. ఈనాడు ఇల్లు పూర్తయ్యాక, ఏ గోడ ఎక్కడ ఎలా ఉందో తెలియకుండా, టీవీకీ నీటి శుద్ధి యంత్రానికీ వంటింటి అరలకూ బెజ్జాలు వేయవలసి వస్తోంది. అందువల్ల మరమ్మతు అన్నది ఆ చిన్న చోటులో గోడను కొత్తగా కట్టడమే అవుతుంది.

పని మొదలుపెట్టేముందు వేలాడదీసే వస్తువు గోడను ఎంత లాగుతుందో లెక్క వేసుకోవాలి. వస్తువు బరువు కిందికి ఉన్నా, అది గోడ నుంచి ముందుకు పొడుచుకుని ఉన్నప్పుడు పై స్క్రూను బయటికి లాగుతుంది. గోడ నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో 10 కిలోల బరువు ఉన్న అరను మోసే బ్రాకెట్‌కు పై స్క్రూకూ కింది ఆనికకూ మధ్య 10 సెంటీమీటర్లే ఉంటే, పై స్క్రూ మీద 20 కిలోల లాగుడు పడుతుంది. అదే బ్రాకెట్ 20 సెంటీమీటర్ల ఎత్తు ఉంటే లాగుడు 10 కిలోలకు తగ్గుతుంది. ఎత్తైన బ్రాకెట్ ఎంచుకోవడం వల్ల ఎంత మరమ్మతు శ్రమ తప్పుతుందో ఈ లెక్కే చెబుతుంది. 15 లీటర్ల గీజరు నిండితే నీటి బరువే 15 కిలోలు, దాని సొంత బరువు వేరు. దాని సంగతి తేలికగా తీసుకోకూడదు.

గోడ తీరు తెలుసుకోవడానికి డ్రిల్లు నుంచి రాలే పొడి రంగు చాలావరకు చాలు. మొదట వచ్చే బూడిదరంగు పొడి సిమెంటు పూతది. లోపలి గోడలకు ఆ పూత సాధారణంగా 12 నుంచి 15 మిల్లీమీటర్ల మందం ఉంటుంది, దానికి సొంతబలం లేదు కాబట్టి ప్లగ్గు అందులోనే ఆగిపోతే అది ఎప్పటికీ నిలవదు. ఆ తరువాత ఎర్రటి పొడి వస్తే ఇటుక, తెల్లగా మెత్తగా వస్తే సున్నం, నల్లగానో గోధుమరంగులోనో ముద్దగా వస్తే మట్టి అడుసు అని గుర్తించవచ్చు. డ్రిల్లు ఒక్కసారిగా సులువుగా జారిపోతే అది రెండు ఇటుకల మధ్య సందులో పడిందన్న మాట. స్విచ్‌బోర్డుకు నేరుగా పైనా కిందా విద్యుత్ తీగలు గోడలో ఉండే అవకాశం ఉంది కనుక ఆ వరసను వదిలేసి, మెయిన్ ఆపేసి పని చేయడం ప్రాణరక్షణకు సంబంధించిన జాగ్రత్త.

మరమ్మతులో మొదటి పని బెజ్జాన్ని పెద్దది చేయడమంటే వింతగా తోచవచ్చు గానీ పట్టు అంతా అక్కడే ఉంది. 8 మిల్లీమీటర్ల వెడల్పు, 40 మిల్లీమీటర్ల లోతు ఉన్న బెజ్జం చుట్టూ గోడను తాకే ఉపరితలం సుమారు 10 చదరపు సెంటీమీటర్లు. దానినే 25 మిల్లీమీటర్ల వెడల్పూ 70 మిల్లీమీటర్ల లోతూ చేసి గట్టి దిమ్మతో నింపితే ఆ ఉపరితలం సుమారు 55 చదరపు సెంటీమీటర్లు అవుతుంది. బలహీనమైన ఇటుకలో ప్రతి చదరపు సెంటీమీటరూ మోయగలిగేది కొద్దిపాటి బరువే కాబట్టి, ఆ బరువును అయిదింతల విస్తీర్ణానికి పంచడం ఈ పనిలోని అసలు సూత్రం. సన్నని ఉలితో, సుత్తిని మెల్లగా వాడుతూ, వదులుగా ఉన్నదంతా గట్టి ఇటుక తగిలేవరకు తీసేయాలి. లోపలి భాగం మూతి కంటె కాస్త వెడల్పుగా ఉండేట్టు చెక్కితే టేకు బిరడాలోని చిక్కుదల ఈ గుంతకూ వస్తుంది. సుత్తిలా దడదడలాడించే హామర్ పద్ధతి మెత్తని ఇటుకకు శత్రువు. డ్రిల్లును మామూలు తిరుగుడులోనే ఉంచి, పదునైన ముల్లుతో (బిట్‌తో) నెమ్మదిగా తొలవాలి.

తరువాతి పని శుభ్రం చేయడం, ఎక్కువ మంది తొందరపడి వదిలేసేది ఇదే. గుంతలో మిగిలిన ధూళి మీద పోసిన సిమెంటు ఆ ధూళికే అతుక్కుంటుంది, గోడకు అతుక్కోదు. కళ్లద్దాలు పెట్టుకుని, సైకిలు పంపుతో ఊది, పాత టూత్‌బ్రష్షుతో రుద్ది, మళ్లీ ఊదాలి. ఉప్పు పూసిన చోటైతే ఆ పొడిని ఆరి ఉన్నప్పుడే బ్రష్షుతో దులిపి బయట పారేయాలి. నీళ్లతో కడిగితే ఉప్పు కరిగి తిరిగి గోడలోకే పోతుంది. కాలువలు కట్టేసిన వేసవి రోజులు ఈ పనికి అన్నివిధాలా అనుకూలం. దులపడం పూర్తయ్యాక గుంతను తడపాలి: ఎండిన ఇటుక సిమెంటు మాలులోని నీటిని క్షణాల్లో పీల్చేసుకుంటే సిమెంటు గట్టిపడడానికి నీరు చాలక అది కూడా పొడిగానే మిగిలిపోతుంది. నీళ్లు చిలకరిస్తే గుంత పీల్చడం తగ్గేంతవరకు, అయితే లోపల నీరు నిలవకుండా తడపడమే కొలత.

పూడికకు ఒక వంతు సిమెంటు, మూడు వంతులు జల్లించిన సన్నని గోదావరి ఇసుక కలిపి, పిడికిట బిగిస్తే ఉండగా నిలిచేంత గట్టిగా తడిపిన మాలు చాలు. సముద్రపు ఒడ్డు ఇసుకలో ఉప్పు ఉంటుంది కాబట్టి దానిని వాడకూడదు. మాలును కొద్దికొద్దిగా పెట్టి కర్రముక్కతో లోపలికి కూరాలి, ఒక్కసారిగా నింపితే వెనుక గాలి ఖాళీలు మిగులుతాయి. రోజూ తడిగుడ్డతో కప్పి వారం రోజులు తడి ఆరనివ్వకూడదు. సిమెంటు బలంలో ఎక్కువ భాగం ఈ వారంలోనే వస్తుంది, ప్రమాణంగా లెక్కించే పూర్తి బలానికి 28 రోజులు పడుతుంది. వారం గడిచాక దిమ్మ నడుమ, ముందు సన్నని ముల్లుతో, తరువాత ప్లగ్గుకు సరిపడే ముల్లుతో తొలిచి బిగించవచ్చు. వట్టి తెల్లసిమెంటుతో బెజ్జం నింపడం ఇళ్లలో బాగా అలవాటైన పని. ఇసుక లేకపోవడం వల్ల అది ఆరుతూ కుంచించుకుని చుట్టూ వెంట్రుకవాసి ఎడం చేస్తుంది, క్యాలెండరు మేకుకు తప్ప దానిని నమ్ముకోకూడదు. ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ నిమిషాల్లో గట్టిపడి మురిపిస్తుంది గానీ చెమ్మకు మెత్తబడుతుంది, డెల్టా గోడలకు అది తగదు. లప్పం అసలు బరువు మోయడానికి చేసినదే కాదు.

రెండు పదార్థాలు కలిపి పిసికే ఎపాక్సీ ముద్ద చిన్న బెజ్జాలకు బాగా పనికొస్తుంది, అది గంటల్లో రాయిలా బిగుస్తుంది. బరువైన పనులకు రసాయన యాంకరు అనే పద్ధతి ఉంది: వలలాంటి గొట్టాన్ని బెజ్జంలో పెట్టి, తుపాకీ వంటి పనిముట్టుతో రెసిన్‌ను లోపలికి ఎక్కించి, అందులోకి మరలున్న స్టీలు కడ్డీని దింపుతారు, రెసిన్ వల కన్నాల గుండా ఇటుక ఖాళీల్లోకి పాకి గట్టిపడుతుంది. ఇది గోడను నొక్కదు కాబట్టి గుల్లబారిన ఇటుకకు ఇబ్బంది కలిగించదు. అయితే ధూళి మిగిలి ఉంటే ఇంత ఖరీదైన రెసిన్ కూడా ధూళితోపాటే ఊడివస్తుంది.

ఇంతవరకు చెప్పినది సిమెంటుతో కట్టిన గోడల సంగతి. పోర్ట్‌లాండ్ సిమెంటుకు 1824లో ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పేటెంటు పొందినా, మన దేశంలో దాని తయారీ ఇరవయ్యో శతాబ్దిలో గానీ నిలదొక్కుకోలేదు. కందుకూరి వీరేశలింగం పంతులు 1890లో రాజమహేంద్రవరంలో పురమందిరం కట్టించిన కాలంలో గోడలు కట్టడానికి తాపీమేస్త్రీలు ఎక్కువగా వాడిన బంధకం సున్నమే. గానుగలో ఇసుకతో కలిపి నూరిన డంగు సున్నం, కొన్నిచోట్ల కరక్కాయ నీరూ బెల్లపు నీరూ చేర్చినది, ఇటుక కంటె మెత్తగా ఉండి చెమ్మను తన గుండా బయటికి పోనిచ్చేది. అటువంటి గోడలో గట్టి సిమెంటు దిమ్మ పెడితే చెమ్మ దాని దగ్గర ఆగి, చుట్టూ ఉన్న మెత్తని సున్నంలోకీ ఇటుకలోకీ మళ్లి, ఉప్పునంతా అక్కడే పోగుచేస్తుంది. కొన్నేళ్లకు దిమ్మ చెక్కుచెదరకుండా ఉండగా దాని చుట్టూ ఉన్న గోడ రాలిపోతుంది. అందువల్ల పాత గోడకు సున్నం మాలే ఉత్తమం. మామూలు సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని గట్టిపడుతుంది కాబట్టి గాలి సోకని లోతు గుంతలో చాలా ఆలస్యం చేస్తుంది. దానికి సుర్కీ, అంటే కాలిన ఇటుకను దంచి జల్లించిన మెత్తని పొడి కలిపితే అందులోని సిలికా, అల్యూమినా సున్నంతో చర్య జరిపి గాలి లేకపోయినా బిగుస్తాయి. సిమెంటుకు వారం చాలిన చోట దీనికి నెలకు పైగా ఓపిక పట్టాలి. ఆ ఓపిక లేక పాత ఇళ్ల గోడలను సిమెంటుతో పాడుచేయడం డెల్టాలో విచారకరంగా పెరుగుతోంది.

మట్టి గోడల్లో, ఇటుకలను మట్టి అడుసుతో పేర్చిన గోడల్లో పూడిక మీద ఎక్కువ ఆశ పెట్టుకోకూడదు. అక్కడ గోడ ఆసాంతం బెజ్జం తొలిచి, ఇవతలి నుంచి అవతలికి బోల్టు దూర్చి, అవతలి వైపు అరచేయంత ఇనుప పలకతో నట్టు బిగిస్తే గోడ లాగుడుకు కాక ఒత్తిడికి లోనవుతుంది. మట్టి గోడ ఒత్తిడిని బాగా ఓర్చుకుంటుంది. పలక బయటి గోడ మీద పడితే వాన పడనిచోట, తుప్పు పట్టని లోహంతో ఉండాలి. వీలైన ఇంట్లో అరను గోడకు వేలాడదీయక నేల మీద కాళ్లతో నిలబెట్టి, ముందుకు పడిపోకుండా మాత్రం గోడకు కట్టడం ఇంకా మేలు. గోడంతా అక్కడక్కడా బలహీనంగా ఉన్నప్పుడు బాగా చేవదేరిన చెక్క పట్టీని ఆరేడు చోట్ల గోడకు బిగించి, వస్తువును ఆ పట్టీకి తగిలిస్తే ఒక బెజ్జం వదులైనా మిగిలినవి మోస్తాయి. పసిపిల్లల ఉయ్యాల, సీలింగు ఫ్యాను వంటివాటికి మాత్రం ఈ పద్ధతులేవీ వర్తించవు; అవి శ్లాబులో పోసిన కొక్కేనికో, దూలానికో వేలాడవలసిందే.

మరమ్మతు పూర్తయ్యాక పూర్తి బరువు ఒక్కసారిగా మోపకుండా, మొదట చేతితో లాగి చూసి, తరువాత సగం బరువుతో ఒకటి రెండు రోజులు ఉంచాలి. పూడిక అంచు చుట్టూ పెన్సిలుతో ఒక గీత గీసి పెడితే దిమ్మ వెంట్రుకవాసి కదిలినా ఆ గీత తెగి తెలిసిపోతుంది. మొదటి వానాకాలం వెళ్లాక బ్రాకెట్ కింద గచ్చు మీద ఎర్రని పొడి గానీ తెల్లని ఉప్పు గానీ రాలి ఉందేమో చూడాలి. పొడి ఉంటే దిమ్మ వదులవుతోందన్న గుర్తు, ఉప్పు ఉంటే చెమ్మ ఇంకా గోడలోకి ఎక్కుతోందన్న గుర్తు. రెండోది కనబడిన ఇంట్లో మరో బెజ్జం పూడ్చేముందు చూడవలసినవి ఆ గోడకు బయట నీరు నిలుస్తున్న చోటూ, చూరు నుంచి పునాది మీదికి కారే ధారా, పగిలిన స్నానాలగది గొట్టమూ.